పెరుగన్నం లేకుండా భోజనం ముగిసేదెలా?

ఈ వారం ఉత్తరం:

"అక్కా, నాకు 28. మాది రాజమండ్రి. పెళ్లయి రెండేళ్లయింది, ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఆయన, అత్తయ్యగారితో ఉంటున్నా. పుట్టి బుద్ధెరిగి శాకాహారమే, గుడ్డు కూడా ముట్టం. పోయిన సంక్రాంతికి ఊరెళ్తే తెలిసినవాళ్ల పాల డెయిరీ చూపించారు. అక్కడ ఒక గేదెకి పుట్టిన మగదూడని చివర్న గుంజకి కట్టేసి ఉంచారు, డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి, 'దానికి పాలు పోసి ఏం చేస్తామండి' అన్నారు. అప్పట్నుంచీ పాలగ్లాసు పట్టుకుంటే అదే కనపడుతోంది. పాలు, నెయ్యి లాంటి జంతువుల నుంచి వచ్చేవన్నీ మానేసి వీగన్ అయిపోదామనుకుంటున్నా. కానీ పెరుగన్నం పడకపోతే నాకు అన్నం తిన్నట్టే ఉండదు, కాఫీ సంగతి చెప్పక్కర్లేదు. ఇంకోటి, మొన్న టెస్ట్ చేయిస్తే బీ12 168 వచ్చింది, వచ్చే ఏడాది పిల్లల కోసం చూద్దామనుకుంటున్నాం. అన్నిటికంటే పెద్ద తలనొప్పి అత్తయ్యగారు. 'నేను తోడుపెట్టిన పెరుగు నీకు పనికిరాకుండా పోయిందా' అన్నారు. రెండ్రోజులై ముభావంగా ఉన్నారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మాయ్, 'నువ్వు' అనేస్తున్నా ఏమనుకోకు, నా చిన్న చెల్లెలి వయసు నీది. నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకంటే ఆరేళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే మొదలెట్టా, కాకపోతే ఎవర్నీ అడగలేదు, అంతా నాకే తెలుసనుకున్నా, దానికి మూల్యం కూడా చెల్లించా. అది చెప్తా ముందు.

ముందు ఆ 168 సంగతి. మిగతావన్నీ తర్వాత.

చాలా ల్యాబుల్లో 200 కిందకి వస్తే తక్కువ అంటారు. నువ్వింకా పాలు పెరుగు తింటూనే ఉన్నావ్, అయినా 168. అంటే ఒక విషయం గమనించు, పాలు మానేస్తే బీ12 పోతుందని అందరూ భయపెడతారు గానీ నీకు పాలు తాగుతుండగానే లేదు. ఒక గ్లాసు పాలల్లో ఉండేది సుమారు ఒక మైక్రోగ్రాము, మనకి రోజుకి కావాల్సింది రెండు పైచిలుకు, పైగా మనిళ్లల్లో తాగేవి సగం నీళ్లు కలిపిన కాఫీ, మూడు పొంగులు కాచిన పాలు, ఓ గరిటెడు మజ్జిగ. మన శాకాహారుల్లో బీ12 తక్కువుండటం చాలా మామూలు. కాబట్టి అత్తగారు 'చూశావా పాలు మానేస్తానన్నావ్, బీ12 పడిపోయింది' అంటే ఆవిడ మాటా పూర్తిగా కరెక్ట్ కాదు, అలాగని 'పాలు తాగినా లేదుగా, ఇంక మానేస్తే ఏంటి' అని నువ్వనుకుంటే అదీ తప్పే. ఆ ఒక్క గ్లాసు కూడా పోతే సున్నానే కదా.

నాకేమైందంటే, పాలు పెరుగు మానేసిన రెండో ఏడు, అరికాళ్లల్లో చీమలు పాకినట్టు ఉండేది. నేలమీద కూర్చోవడం వల్లేమో అనుకున్నా. ఒకరోజు మేడమెట్లు దిగుతుంటే ఎడమకాలి చెప్పు పైమెట్టు మీదే ఉండిపోయింది, నాకు తెలీదు, కిందకొచ్చాక పక్కింటావిడ 'ఏంటండీ ఒక్క చెప్పుతో' అంటే అప్పుడు చూసుకున్నా. అంతకుముందు ఒకచోట చూపించుకుంటే హిమోగ్లోబిన్ బానే ఉంది, నీరసం వయసువల్ల అని పంపేశారు. నేను ఆకుకూరలు తెగ తినేదాన్ని, వాటిల్లో ఫోలేట్ అనే ఇంకో బీ విటమిన్ బోలెడుంటుంది, ఫోలేట్ బాగుంటే రక్తం చూడ్డానికి బానే కనిపిస్తుంది, కింద నరాలు మాత్రం దెబ్బతింటూ పోతాయి. బీ12 తక్కువైనప్పుడు జరిగే మోసం ఇదే. ఇంకోటి, ఇది మన లివర్‌లో ఏళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి మానేసిన మొదటి ఏడు ఏమీ అనిపించదు, 'చూశారా నాకేం కాలేదు' అని జబ్బలు చరుచుకుంటాం. నాకు ఇంజెక్షన్లు వేశారు, ఓ ఏడెనిమిది నెలలు పట్టింది కాళ్లు మామూలయ్యేసరికి.

నేను డాక్టర్ని కాదు, అందుకే నీకు డోసు చెప్పను, నువ్వు ఆ రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గరకెళ్లి 'పాలు కూడా మానేద్దామనుకుంటున్నా, వచ్చే ఏడాది ప్రెగ్నెన్సీ అనుకుంటున్నాం' అని రెండూ చెప్పు. రెండోది చెప్పడం మర్చిపోకు. తల్లికి బీ12 లేకపోతే కడుపులో బిడ్డ వెన్ను, మెదడు ఎదుగుదల మీద పడుతుంది, తర్వాత తల్లిపాలల్లోనూ తక్కువే వస్తుంది. గర్భం కోసం చూసే ముందు నుంచే ఫోలిక్ యాసిడ్, అంటే ఆ ఫోలేట్‌నే బిళ్లగా, 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు కదా, దానికి ముందు ఈ బీ12 లెక్క తేలాలి, పైన చెప్పిన మోసం గుర్తుంది కదా. నీ 168 మళ్లీ పైకొచ్చి, రెండోసారి టెస్టులో బాగుందని తేలాకే పెరుగు పూర్తిగా మానెయ్. ఈలోపు మిగతావి మానుకో, అడ్డేం లేదు.

ఒకసారి లెవెల్ సరయ్యాక మామూలుగా వీగన్లకి చెప్పే లెక్క ఏంటంటే, రోజూ అయితే 10 మైక్రోగ్రాములు, లేదా వారానికొకసారి అయితే 2000. రెంటికీ ఇంత తేడా ఏంటి అని నేనూ అడిగా. మన ఒంట్లో బీ12ని పట్టుకుని లోపలికి తీసుకెళ్లే ఏర్పాటు ఒకసారికి ఒకటిన్నర రెండు మైక్రోగ్రాములు మాత్రమే మోయగలదు, మిగతాది నూటికి ఒక వంతు చొప్పున ఊరికే జారి లోపలికెళ్తుంది. అందుకే ఎప్పుడో ఒకసారి వేసుకునేవాళ్లు పెద్ద డోసు వేసుకోవాలి. మనవైపు మందుల షాపులో మిథైల్‌కోబాలమిన్ అని బీ12 బిళ్లలు దొరుకుతాయి, ఖరీదేం కాదు. వేసుకోవడమే అందరూ మర్చిపోతారు. నేను ఆదివారం తలంటి రోజున వేసుకుంటా, కొబ్బరినూనె సీసా పక్కనే పెట్టుకున్నా.

పులిసిన ఇడ్లీపిండిలో బీ12 ఉంటుంది, స్పిరులినాలో ఉంటుంది అని వాట్సాప్‌లో వస్తుంటాయి, నమ్మకు. స్పిరులినాలో ఉన్నది మన ఒంటికి పనికిరాని రకం. నమ్ముకోవాల్సింది బిళ్లనే.

సరే, ఇప్పుడు పెరుగు.

నీ బాధ నాకు తెలుసు. కూర, పప్పు, పులుసు ఎన్ని తిన్నా చివర్న పెరుగు కలుపుకుని, ఆవకాయ ముక్క నంజుకుని, విస్తరి కానీ కంచం కానీ ఖాళీ చేస్తే తప్ప చెయ్యి కడుక్కోబుద్ధి కాదు. పెళ్లిళ్లల్లో పెరుగు వడ్డించేవాడు ఆలస్యమైతే జనం ఎలా మెడలు సాచి చూస్తారో చూశావుగా. అందుకే 'పెరుగు మానెయ్, అలవాటైపోద్ది' అని చెప్పేవాళ్ల మాట నేను వినను. ఆ ఖాళీలో ఏదో ఒకటి పడాలి, చల్లగా, పుల్లగా.

నాకు పనికొచ్చింది పల్లీ పెరుగు. కప్పు పల్లీలు రాత్రంతా నానబెట్టు, పొద్దున్న పొట్టు నలిపి తీసెయ్, ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లు మూడు కప్పులు పోసి మెత్తగా రుబ్బి పల్చటి గుడ్డలో వడకట్టు. ఆ పాలు సన్న మంట మీద పది నిమిషాలు కాచాలి, గరిటె వదలొద్దు, అడుగంటుతుంది, వదిలితే ఇల్లంతా మాడు వాసన. చిక్కగా కావాలంటే చెంచాడు బియ్యప్పిండి నీళ్లల్లో కలిపి పొయ్యి. బాగా మరిగితే పచ్చి పల్లీ వాసన పోతుంది, సరిగ్గా మరగకపోతే పెరుగుకి కూడా అదే వాసన పట్టుకుంటుంది, మొదటిసారి అందరం చేసే తప్పు అదే. గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరపకాయ తొడిమలు కడిగి ఓ ఆరేడు అందులో వేసి మూతపెట్టి వదిలెయ్. తొడిమల మీద పాలని తోడుకునేట్టు చేసే బాక్టీరియా ఉంటుంది, పూర్వం ఇంట్లో తోడు అయిపోతే మనవాళ్లు పాలల్లో మిరపకాయ వేసేవాళ్లు కదా, అదే ఇది. మొదటిసారి కొంచెం జారుగా వస్తుంది, నిరాశపడకు, అందులోంచి చెంచాడు తీసి రెండోసారికి తోడు వేస్తే అది బాగుంటుంది, మూడోది ఇంకా బాగుంటుంది. పైన రంగు తేలినా, పుల్లదనం కాకుండా కుళ్లు వాసన వచ్చినా మొహమాటపడకుండా పారబొయ్యి. పిప్పి పారెయ్యకు, పచ్చిమిర్చి, చింతపండు వేసి రోట్లో నూరితే ఇడ్లీలోకి పచ్చడి.

ఇది గేదె పెరుగులా ఉంటుందని నేను అబద్ధం చెప్పను. గడ్డపెరుగులా కోస్తే ముక్క రాదు, మీగడ ఉండదు. కానీ మజ్జిగ చేసి అల్లం, కరివేపాకు, ఉప్పు, నిమ్మరసం వేస్తే తేడా పెద్దగా తెలీదు. అన్నంలో కలిపి ఆవాలు, ఎండుమిర్చి, మినప్పప్పు తాలింపు పెడితే నేను గిన్నె నాకుతా. మజ్జిగ పులుసుకి మాత్రం శెనగపిండి ముందే కలుపు, ఎక్కువసేపు తెర్లనివ్వకు, నాకోసారి విరిగి నీళ్లొకవైపు, పిండొకవైపు అయిపోయింది, ఇంటికి చుట్టాలొచ్చిన రోజే.

ఇంకోటుంది, నువ్వు గోదావరి పిల్లవి కాబట్టి మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడుగు, తరవాణి అంటే ఏంటని. అన్నం వార్చిన గంజి కుండలో పోసి, కాస్త అన్నం, నీళ్లు కలిపి, నిమ్మాకులు వేసి పులియబెడతారు, పొద్దున్నే ఆ పుల్లటి నీళ్లల్లో అన్నం నానేసుకుని ఉప్పు వేసుకుని ఆవకాయ నంజుకుంటారు. మా నాయనమ్మ వంటింటి మూల ఆ కుండ ఉండేది, ఎండాకాలం అదే మాకు టిఫిను. చుక్క పాలు లేవు అందులో. ప్యాకెట్ పాలు వచ్చి ఇంటింటికీ పెరుగు దొరకడం మొన్నటి మాట, దేశమంతా పాల ఉత్పత్తి పెంచిన ఆపరేషన్ ఫ్లడ్ మొదలైందే 1970లో, అంతకుముందు పాడి లేని ఇళ్లల్లో పూటపూటా పెరుగెక్కడిది? పుల్లటి చివరి ముద్ద కోసం వాళ్లు తరవాణి చేసుకున్నారు. చిక్కేంటంటే ఇప్పుడందరం కుక్కర్లో వండుతున్నాం, గంజి ఎక్కడ, వారానికొకసారైనా గిన్నెలో వార్చి వండు.

కాఫీ గురించి నేను ఖచ్చితంగా ఓడిపోయినదాన్ని కాబట్టి నిజం చెప్తా. ఫిల్టర్ కాఫీకి దగ్గరగా వచ్చేది ఏదీ లేదు. బాదం పాలు పల్చన, కొబ్బరి పాలు వేస్తే కాఫీ కాస్తా పాయసం అవుతుంది, సోయా పాలు చిక్కటి డికాషన్ పడగానే విరుగుతాయి, అది తప్పాలంటే పాలు ముందు వేడిచేసి డికాషన్ కొద్దికొద్దిగా పొయ్యాలి. ఓట్స్‌వి కొంత నయం, కానీ ఇంట్లో చేసిన ఓట్స్ పాలు వేడిచేస్తే జిగురుగా గంజిలా అయిపోతాయి, కొన్నవైతే అవ్వవు, కాకపోతే కొన్నవి మామూలు పాలకి మూడు నాలుగు రెట్లు ఖరీదు. నేనిప్పుడు పొద్దున్న ఒక్కటి ఓట్స్‌తో తాగుతా, సాయంత్రం డికాషన్‌లో వేడినీళ్లు, బెల్లం. ఆర్నెల్లు చేదుగా అనిపించింది, ఇప్పుడు పాల కాఫీ వాసన వస్తే బాగుందనిపిస్తుంది గానీ చెయ్యి వెళ్లదు. నువ్వు కాఫీ ఆఖర్న మానెయ్. ముందు నీకు తెలీకుండానే మానేయగలిగినవి, అంటే తాలింపులో నెయ్యి, బిస్కెట్లు, రాత్రి పాలగ్లాసు, ఇవి తీసెయ్. నెయ్యి బదులు డాల్డా మాత్రం వద్దు, ముద్దపప్పులోకి, కందిపొడిలోకి పప్పునూనె వేసుకో, మనవైపు నువ్వులనూనెకి ఆ పేరు ఊరికే వచ్చిందా. బూరెకి బొటనవేలితో చిల్లుపెట్టి నెయ్యి పోసుకునే ఊరు నీది, ఆ ఒక్కటీ కష్టమే, ఒప్పుకుంటా. వేడివేడిగా తిను, అంతకు మించి నేనేం చెప్పలేను.

ఎక్కడెక్కడ పాలు దాక్కుంటాయో నీకు మెల్లగా తెలుస్తుంది. పచ్చచుక్క చూసి మోసపోకు, అది శాకాహారం అని మాత్రమే చెప్తుంది, పాలున్నా పచ్చచుక్కే. ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు 2021లో వీగన్‌కి వేరే గుర్తు తెచ్చారు, పచ్చగా వి అక్షరం, దాంట్లో చిన్న ఆకు, కానీ అది చాలా తక్కువ ప్యాకెట్ల మీద కనిపిస్తుంది, కాబట్టి ప్యాకెట్ వెనక్కి తిప్పి మిల్క్ సాలిడ్స్, వే, కేసిన్ అన్న మాటలు వెతుక్కో, అన్నీ పాలవే. ఇంట్లో అయితే చల్లమిరపకాయలు! నాకు రెండేళ్ల తర్వాత వెలిగింది, పేరులోనే చల్ల ఉంది, మజ్జిగలో ఊరబెడితేనే అవి. మైసూర్ బోండా పిండిలో పెరుగు, రవ్వదోశలో మజ్జిగ. హోటల్‌కెళ్లి 'నెయ్యి వద్దు బాబూ' అంటే 'కొంచెమే వేశానండి' అని ప్రేమగా తెచ్చిపెడతారు.

అదే సమయంలో మనకి పుట్టుకతోనే వీగన్ అయినవి ఎన్నున్నాయో చూడు. పులిహోర, గోంగూర పచ్చడి, దప్పళం, ఇడ్లీ, పెసరట్టు, వంకాయ కారం, తెలంగాణ సకినాలు, సర్వపిండి, సీమ రాగిసంగటి శెనక్కాయల పచ్చడితో. వీగన్ చీజ్, వీగన్ పనీర్ కోసం డబ్బులు తగలెయ్యకు, ఒకసారి కొని చూశా, గోడకి వేసే లప్పం తిన్నట్టుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి అయితే షాపులో కాల్షియం, బీ12 కలిపిన సోయా డబ్బాలు చవగ్గా దొరుకుతాయి, వాళ్ల గొడవ వేరు.

కాల్షియం దగ్గర మీ అత్తగారి భయంలో న్యాయముంది. మన ఐసీఎంఆర్ లెక్క పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాములు. అర లీటరు పాలు, పెరుగు తినే మనిషికి అందులో 600 దాకా వాటిల్లోంచే వస్తుంది, మానేస్తే ఆ 600 ఎక్కణ్నుంచో రావాలి, గాల్లోంచి రాదు. రాగిపిండి 100 గ్రాముల్లో 350 పైన ఉంటుంది, అందరూ ఇదే చెప్తారు, కానీ ఒక గ్లాసు జావలో వేసేది 30, 40 గ్రాములే, అంటే 105, 140 అంతే. అదే సంగటి ముద్ద అయితే లెక్క మారుతుంది. నువ్వులు రెండు పెద్ద చెంచాలు 200 పైనే, కానీ పొట్టుతో అలాగే మింగితే కొంత వృథా, దోరగా వేయించి పొడి చెయ్యాలి. బెల్లం వేసి దంచిన చిమ్మిలి ఉండ రోజుకొకటి తిను, మీ వైపు ఆడపిల్లకి పెట్టేదే కదా అది. మునగాకు పప్పు వారానికి మూడుసార్లు. పాలకూర, తోటకూరల్లో కాల్షియం కనిపిస్తుంది గానీ వాటిల్లోనే ఉండే ఆక్సలేట్లు అనేవి దాన్ని ఒంటికి అందకుండా పట్టేసుకుంటాయి, వాటిని కాల్షియం లెక్కలో వెయ్యకు. పల్లీ పెరుగులో కాల్షియం పెద్దగా లేదు, బీ12 అసలు లేదు, అది నాలుక కోసం. ఇన్ని చేసినా నీకు ప్రెగ్నెన్సీలో డాక్టర్ బిళ్ల ఇస్తే వేసుకో. విటమిన్ డి కూడా చూపించుకో, మామూలుగా ఇచ్చే డి3 గొర్రె ఊలులో ఉండే మైనం నుంచి తీస్తారు, రాళ్ల మీద పాచిలా పెరిగే లైకెన్ నుంచి తీసింది వేరే దొరుకుతుంది, దొరక్కపోతే ఉన్నదే వేసుకో. మందులో లాక్టోస్ అనే పాల చక్కెర ఉంది, క్యాప్సూల్ జంతువుల నుంచి తీసే జెలటిన్‌ది అని బిళ్లలు మానేసేవాళ్లని చూశా. ఈ వీగన్ అనే మాట 1944లో పుట్టించిన సొసైటీ వాళ్లే 'సాధ్యమైనంత వరకు' అని రాసుకున్నారు, నువ్వు వాళ్లకంటే నిష్ఠగా ఉండక్కర్లేదు.

ప్రోటీన్‌కి భయపడకు, అలాగని పప్పు నీళ్లు తాగి ప్రోటీన్ తిన్నాననుకోకు. గిన్నెడు పప్పులో ఆరేడు గ్రాములే. శెనగలు, అలసందలు, మీల్ మేకర్ వారంలో తిప్పుతూ ఉండు, 30 గ్రాముల మీల్ మేకర్ అంటే 15 గ్రాముల ప్రోటీన్. థైరాయిడ్ బిళ్ల వేసుకునేదానివైతే సోయా దానికి దగ్గర్లో తినకు. ఐరన్ కోసం, భోజనం మీద భోజనంగా కాఫీ, టీ తాగకు, పప్పులో నిమ్మకాయ పిండుకో. ఇంట్లో సైంధవ లవణం వాడుతుంటే మానేసి అయోడిన్ ఉప్పు తెచ్చుకో, పిల్లల్ని అనుకుంటున్నావు కాబట్టి ఇది మరీ చెప్తున్నా. అవిసె గింజల కారప్పొడి ఒకటి చేసి పెట్టుకో. అంతే, దీని మీద ఇంకా ఎక్కువ చదివితే తినడం మానేస్తావ్.

ఇప్పుడు అత్తగారు.

ఆవిడ మాట మళ్లీ చదువు. 'నేను తోడుపెట్టిన పెరుగు' అన్నారు. పాల గురించి కాదు ఆవిడ బాధ. ముప్ఫై ఏళ్లుగా రాత్రి అందరూ పడుకునే ముందు పాలల్లో వేలు ముంచి వేడి చూసి, చెంచాడు తోడు వేసి, గిన్నె మీద పళ్లెం మూసి పడుకుంటున్నారు. ఇంట్లో ఎవరూ ఆ పనిని పనిగా చూడరు, పొద్దున్నకల్లా పెరుగు ఉంటుంది అంతే. కోడలొచ్చి 'నాకొద్దు' అంది. నువ్వు ఎంత మర్యాదగా అన్నా ఆవిడకి వినపడింది వేరే. పైగా నువ్వు దూడ గురించి చెప్పి ఉంటావ్, ఆవిడకి 'ఇన్నాళ్లు నువ్వు పాపం చేశావ్' అన్నట్టు తగిలి ఉంటుంది. నేను మా అమ్మకి భోజనాల దగ్గర చెప్పా ఇలాంటివే, మా అమ్మ గేదెని కడుపున పుట్టినదానిలా పెంచిన మనిషి, ఈనితే మూడు రోజులు పాకలోనే పడుకునేది, ఆ రోజు కంచం ముందునుంచి లేచిపోయింది. ఇప్పటికీ నాకది గుచ్చుకుంటుంది. నేను చెప్పింది అబద్ధం కాదు, చెప్పిన చోటు తప్పు. తింటున్న మనిషి ముందు ఆ మాట ఎత్తకు. ఆవిడ అడిగితే చెప్పు, అదీ వంటింట్లో, ఇద్దరూ ఉన్నప్పుడు.

పాలు విషం, పాలు చీము అని వీడియోలు వస్తాయి, వాటిని ఆవిడకి ఫార్వర్డ్ చెయ్యకు. పాలు విషం కాదు. నీకు దూడ గుర్తొస్తోంది కాబట్టి మానేస్తున్నావ్, ఆ కారణం చాలు, దానికి లేని సైన్స్ అతికిస్తే ఆవిడ ఒక్క ప్రశ్నలో నిన్ను పడేస్తారు.

నేను చెప్పేది ఒకటి చేసి చూడు. పల్లీ పాలు నువ్వే కాచు, తోడుపెట్టే పని మాత్రం ఆవిడకి అప్పజెప్పు. 'అత్తయ్యగారూ, ఇవి ఏ వేడి మీద వెయ్యాలో నాకు తెలియట్లేదు, నాకు రెండుసార్లు విరిగిపోయాయి' అను. నిజంగానే విరుగుతాయి కాబట్టి అబద్ధం కూడా కాదు. వేడి చూడ్డంలో ఆవిడ వేలికున్న తెలివి నీ ఫోన్లో ఏ వీడియోలోనూ లేదు. మొదట 'ఇదేం పిచ్చి, పల్లీలు తోడుకుంటాయా' అంటారు. తర్వాత మూత తీసి చూస్తారు, చూడకుండా ఉండలేరు. మా ఇంట్లో మా వదిన అలాగే పడింది, ఇప్పుడు నాకంటే చిక్కగా ఆవిడే తోడుపెడుతుంది, తను మాత్రం చుక్క కూడా ముట్టదు, గేదె పెరుగే తింటుంది. పక్కపక్కన రెండు గిన్నెలు, దాని మీదొక పళ్లెం, దీని మీదొక పళ్లెం.

మీ ఆయనకి, ఆవిడకి పాలు పెరుగు నువ్వే వడ్డించు. ముక్కు మూసుకుని కాకుండా మామూలుగా వడ్డించు. కొందరు వీగన్లు ఇది విని నన్ను తిడతారు, తిట్టనీ, వాళ్లు ఒంటరిగా ఉంటున్నారు కాబోలు. మీ ఆయన ఏమంటున్నాడో నువ్వు రాయలేదు, అదొకటి నాకు అనుమానంగా ఉంది. ఆయన నోరు మూసుకుని ఇద్దరి మధ్యా పేపర్ చదువుకుంటున్నట్టయితే 'అమ్మా, తనకి నచ్చినట్టు తిననీ' అని ఒక్కమాట ఆయన చేత అనిపించు, నువ్వు వంద చెప్పేదానికంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

ప్రసాదం గురించి నువ్వు అడగలేదు గానీ రేపు శ్రావణమాసం వస్తే అడుగుతావ్. దీపానికి నువ్వులనూనె ఎప్పట్నుంచో ఉంది, దాంట్లో గొడవ లేదు. చక్రపొంగలి, పంచామృతం, తిరుపతి లడ్డూ దగ్గర పడుతుంది చిక్కు. నేనైతే కళ్లకద్దుకుని లడ్డూలో పలుకంత నోట్లో వేసుకుంటా, మిగతాది పక్కవాళ్లకి ఇచ్చేస్తా. ఇది ఒప్పు అని నేననను, నా మనసు అక్కడ ఆగింది అంతే. అసలే వద్దనుకుంటే కళ్లకద్దుకుని మీ ఆయన చేతిలో పెట్టు, ఎవరూ గమనించరు. పూజ నీ చేతిలో ఉన్నరోజు మాత్రం పులిహోర, వడపప్పు, పానకం చెయ్, చుక్క పాలు లేకుండా నైవేద్యం అయిపోతుంది.

పట్టుచీరల సంగతి ఇప్పుడు ఎత్తకు. బీరువాలో ఉన్నవి కట్టుకో. కొత్తది కొనాల్సొచ్చినప్పుడు ఆలోచిద్దువు, పురుగుని చంపకుండా తీసే అహింసా పట్టు మన హైదరాబాద్ కుసుమ రాజయ్యగారు చేసిందే.

రేపు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకో. పల్లీలు ఈ రాత్రే నానబెట్టు. ఇప్పుడు చలి మొదలైంది కాబట్టి మామూలుగా ఎనిమిది గంటల్లో తోడుకునేది పన్నెండైనా పట్టొచ్చు, గిన్నెకి పాత తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టమని మీ అత్తగారే చెప్తారేమో, చెప్పకపోతే నువ్వే అడుగు.